వలస కూలియు లోకాభిప్రాయమును: రంగము కథపై నొక విమర్శ

పరదేశమునుండి వచ్చి పనిచేయువానిని గూర్చి ప్రతి దేశమునందును రెండభిప్రాయములు వాడుకలో నున్నవి. వాడు వచ్చి మన నోటికూడు లాగికొనెనని మొదటిది. వాడు రాకున్నచో మన పని సాగెడిది కాదని రెండవది. ఈ రెండు మాటలను ఒకే మనుష్యుడు ఒకే దినమున పలుకుట కలదు. ఉదయమున ఇంటికి గోడ పెట్టించుకొనునప్పుడు రెండవమాట, సాయంకాలమున అరుగుమీద కూర్చుండి దేశవార్తలు ముచ్చటించునప్పుడు మొదటిమాట. ఈ విషయమున గట్టిగా మాటలాడువారు పెక్కురు. లెక్కచూచి మాటలాడువారు కొందరు. కావున సామాన్యసిద్ధాంతములను విడిచి, నిజముగా జరిగిన యొక కథను తీసికొని, ఈ రెండభిప్రాయముల విలువను పరీక్షింప నెంచితిమి. అది పరుల కథ కాదు. మన తెలుగువారే పరదేశమున పరదేశీయులై యుండిన కథ.

బర్మాదేశమునకు ముఖద్వారమైన రంగూను పట్టణమును ఉత్తర సర్కారుల పల్లెలలో 'రంగము' అని పిలుచుట వాడుక. ఒకడు రంగము పోయెననగా, అప్పు తీర్చుటకో, కరవు దాటుటకో, ఊరిలో తనకు విధింపబడిన తక్కువతనమును తప్పించుకొనుటకో ఓడ యెక్కెనని యర్థము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి ఇట్లు పోయినవారు వేనవేలు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరునుబట్టి రంగూనులో తెలుగు కూలికి 'కోరంగీ' యను పేరు స్థిరపడెను. ఇంటిపేరు, ఊరిపేరు పోయి రేవు పేరొక్కటియే మిగిలిన యీ మనుష్యుని గూర్చి ఆ దేశమువా రేమనుకొనిరి, మన దేశమువా రేమనుకొనిరి, నిజమేమి యనునవి మా ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు ఆధారముగా నొక గ్రంథము కలదు. 1938 జూలైలో రంగూనున పుట్టి దేశమంతట వ్యాపించిన కల్లోలములను విచారించిన సంఘము, పైకి కనబడిన మతకారణము క్రింద భూమిని గూర్చియు వలసను గూర్చియు బర్మీయులకు గల భయములు పనిచేసెనని తెలిపెను. ఆ భయములలో వలసకు సంబంధించినంత మేర నిజమెంతయో తేల్చుటకు 1939లో జేమ్సు బాక్స్టరు అను నధికారి నియమింపబడెను. ఆయన నివేదిక 1941లో ప్రకటింపబడెను. మా విమర్శకు ఆ నివేదికయు, దానికి ముందు వెనుకల నుండిన లోకాభిప్రాయమును విషయములు.

ముందుగా పూర్వరంగము నెరుగవలెను. 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను జయించినప్పుడు ఐరావతీ ముఖభూములు చాలవరకు అడవియు చిత్తడియు. అప్పుడు అందు వరి పండుచున్న భూమి ఇంచుమించు 10 లక్షల యెకరములు. 1869లో సూయజు కాలువ తెరువబడెను. బియ్యమునకు దూరదేశములందు గిరాకి పెరిగెను. 1930 నాటికి వరిభూమి 80 లక్షల యెకరములను మించెను. ఆ యడవులను నరికినవారిలో ఎక్కువమంది ఎగువ బర్మానుండి దిగివచ్చిన బర్మీయ కుటుంబములవారు. వారికి అప్పిచ్చినవారు తమిళదేశపు నాటుకోట చెట్లు. పండిన ధాన్యమును మరలలో దంచి, బస్తాల కెత్తి, ఓడలలోనికి మోసినవారు మన తెలుగు కూలీలు. రంగూను వీథులలో రిక్షాలు లాగినవారును, పాకీపని చేసినవారును చాలవరకు వారే.

బర్మీయ రైతునకు అప్పుడు భూమి దొరకుచుండెను. మరలో దుమ్ము మింగుచు కూలిచేయ నతనికి అవసరము లేకుండెను. తెలుగు కూలికి ఇంటివద్ద భూమి లేదు, అప్పు గలదు. ఓడ కూలిని బయానాగా నిచ్చి తీసికొనిపోవుటకు మేస్త్రీ గలడు. ఇట్లు ఒకని అవసరమును మరియొకని అవసరమును కలిసినవి. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10 లక్షల 17 వేలు. వారిలో 6 లక్షలకు పైగా బర్మా వెలుపల జన్మించినవారు. రంగూను పట్టణమున 4 లక్షల జనములో 2 లక్షల 12 వేలు భారతీయులు. అనగా స్వదేశపు ముఖ్యపట్టణమున బర్మీయులే తక్కువ సంఖ్యవారైరి. ఈ సంఖ్యలను మనస్సున నుంచుకొననివాడు బర్మీయుని కోపమును గ్రహింపలేడు.

ఇక అభిప్రాయములు. బర్మీయ పత్రికలును నాయకులును చెప్పినది ఇది: భారతీయుడు మన పని తీసికొనెను, మన భూమి తీసికొనెను, మన యాడుపిల్లలను వివాహమాడి వారి హక్కులను హరించెను. ఈ మూడు నేరములకును ముద్దాయి ఒక్కడే; వానిపేరు 'కలా'. పడమటి సముద్రముదాటి వచ్చినవారి కందరికిని బర్మీయులు వాడిన మాట యిది. మన దేశమువారు చెప్పినది మరియొకటి: రంగూనును కట్టినది మేము, రేవును నడిపినది మేము, మేము లేకున్న ఆ దేశము అడవిగా నుండును. ఈ రెండవ యభిప్రాయము మనకు చెవికింపుగా నుండును గనుక దానినే ముందుగా అనుమానింపవలెను.

బాక్స్టరు నివేదిక యొక్క ముఖ్యగుణ మేమనగా, అది యీ కేకల నడుమ కూర్చుండి లెక్క చూచినది. ఏ వృత్తిలో ఎందరు భారతీయులు, ఎందరు బర్మీయులు, ఏటేట వచ్చినవారెందరు, మరలిపోయినవారెందరు అని విచారించి, భారతీయ కూలి బర్మీయుని వాని పనినుండి వెడలగొట్టెననుటకు ఆధారము కానరాదనియు, గతకాలమున అతడు బర్మీయుని శ్రమకు బదులుగా గాక అదనముగా నుండెననియు తేల్చినది. బర్మా ప్రభుత్వమే నియమించిన విచారణలో, అంతటి యుద్రేకపు దినములలో, ఇట్టి తీర్పు వెలువడుట చిన్న సంగతి కాదు.

ఈ తీర్పు జనసామాన్యమునకు ఎందుకు నమ్మశక్యముగా తోపదు? దీనికి కారణములలో ఒకటి మా బడిలోనే కలదని చెప్పవలెను. కాలము-పని లెక్కలని పిల్లలచేత చేయింతుము. పదిమంది ఒక గోతిని ఎనిమిది దినములలో త్రవ్వినచో ఇరువదిమంది ఎన్ని దినములలో త్రవ్వుదురు? నాలుగు దినములని పిల్లవాడు చెప్పును, మేము సరియందుము. అనగా మిగిలిన నాలుగు దినములు అందరును పనిలేక కూర్చుండవలెను. గోతి కొలత మారదు. మనుష్యులు హెచ్చినకొలది పని తరుగును. ఈ లెక్క గోతికి సరియైనదే. కాని దేశము గోయి కాదు. వచ్చిన మనుష్యుడు పని చేయుటయే గాక అన్నము తినును, బట్ట కట్టును, అద్దె యిచ్చును. వాడు మోసిన బస్తా ఓడకెక్కినందువలన మరియొక రైతు మరియొక యెకరము దున్నును. రంగూను మరలు లేనిచో ఐరావతీ ముఖమున అంత వరి పండింప బర్మీయ రైతునకు కారణమే లేదు. పని పనిని పుట్టించును. చిన్ననాడు నేర్చిన గోతిలెక్కను పెద్దవారమై దేశమునకు అన్వయించుటచేతనే, వచ్చినవాడు ఎవనిదో ఒకని చోటు ఆక్రమించియే తీరవలెనని తోచుచున్నది.

ఇంతవరకు నివేదికయే గెలిచినట్లు కనబడును. కాని విమర్శకుడు ఇచ్చట నిలువరాదు. మొత్తపు సంఖ్యలు చెప్పునది మొత్తమును గూర్చియే. ఎనుబదియేండ్ల చరిత్రలో పని పెరిగెననుట నిజమైనను, ఒక దినమున ఒక రేవులో ఒకని పని పోవుటయు నిజము కావచ్చును. 1930 మే నెలలో రంగూను రేవున జరిగినది ఇట్టిదే. ఆ సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

ఓడలలో సరకు నెక్కించు దించు పనిచేయు తెలుగు కూలీలు ఆ నెల మొదట కూలి హెచ్చింపవలెనని సమ్మె కట్టిరి. ఓడపని గుత్తదారులు వారి కోరికను త్రోసిపుచ్చి, చుట్టుప్రక్కలనుండి బర్మీయులను రప్పించి పనిలో పెట్టుకొనిరి. బర్మీయులు అప్పటికి రేవుపనికి క్రొత్తవారైనను పని చేసిరి. కొన్ని దినములకు గుత్తదారులు తెలుగువారితో రాజీపడి కొంత కూలి హెచ్చించి వారిని మరల పిలిచిరి. మే 26వ తేదీ ఉదయమున బర్మీయులు ఎప్పటివలె పనికి రాగా, ఇక మీతో పనిలేదు పొండనిరి. వారు తిరిగిపోవుచుండ పరిహాసములు, పిమ్మట కొట్లాట. అది పట్టణమంతట వ్యాపించి కొన్ని దినములపాటు సాగెను. నూరుమందికి పైగా చనిపోయిరి; అందు మిక్కిలి యెక్కువమంది మన తెలుగు కూలీలు.

ఈ కథలో దోషి యెవడు? కూలి హెచ్చింపుమని యడిగిన తెలుగువాడా? దొరకిన పనికి పోయిన బర్మీయుడా? ఇరువురును కడుపుకొరకు కష్టపడిరి. ఒకనిని చూపి మరియొకనిని బెదరించి, అక్కర తీరినంతనే ఒక ఉదయమున ఇంటికి పొమ్మన్నవారు ఆ దినమున వీథిలో లేరు. వారి కొట్టులకు గాయము కాలేదు. అత్తమీది కోపము దుత్తమీద చూపిన సామెత యిచ్చట అక్షరాల నిజమైనది, పగిలినది దుత్త. బాక్స్టరు పట్టికలలో ఈ రెండువేళ్లును కనబడవు. పట్టిక ఏ పనిలో ఎవరున్నారో చెప్పును. కూలిని ఎవరు నిర్ణయించుచున్నారో చెప్పదు. అదనమా, బదులా యను ప్రశ్నకు సమాధానము కూలివాని జాతిలో లేదు, వానిని పనికి పెట్టుకొను విధానములో నున్నది. భూమి దొరకుచున్న కాలమున అదనముగా నుండినవాడే, ధాన్యము ధర సగమునకు పైగా పడిపోయి బర్మీయుడు పొలము పోగొట్టుకొని పట్టణమున కూలికి వచ్చిన 1930 తరువాత పోటీదారుడుగా మారెను. మనుష్యుడు మారలేదు, కాలము మారెను.

పొలము పోవుట యనునది మరియొక సంగతి. దీనిని 1938 నాటి భూమి-వ్యవసాయ సంఘము విచారించెను. ముఖ్యమైన 13 వరి జిల్లాలలో చెట్ల చేతిలోనున్న భూమి 1930లో నూటికి 6 వంతులు. ఎనిమిదేండ్లలో అది నూటికి 25 వంతులయ్యెను. ధర పడిపోగా రైతు వడ్డీ చెల్లింపలేకపోయెను. తాకట్టుభూమి ఋణదాత కంటెను. చెట్లకు కూడ భూమికంటె రొక్కమే కావలసియుండెను. కాని బర్మీయ రైతున కా సూక్ష్మముతో నేమి పని? తాతలు అడవి నరికి చేసిన పొలము పరదేశీయుని పేర చేరెను. ఈ దుఃఖము నిజమైన దుఃఖము. దానిని కల్పితమనుట అన్యాయము.

అయినను ఆ భూమి పోయినది అప్పువలన. రేవులో బస్తా మోసినవానివలన కాదు. సేలము గోచీ తప్ప ఆస్తిలేని కోరంగీకిని, వేలకొలది యెకరములు తాకట్టుపట్టిన కొట్టుకును నడుమ పోలిక యొక్కటియే: ఇరువురును సముద్రముదాటి వచ్చిరి. ఆ యొక్క పోలికనుబట్టి ఇరువురిని 'కలా' యను ఒక్క మాటలో మూటగట్టుటచేత, ధనముపై రావలసిన కోపము దరిద్రునిపై పడెను. ధనముగలవానికి గోడలును కావలివాండ్రును గలరు; రిక్షా లాగువానికి వీథియే యిల్లు. వలసను గూర్చిన లోకాభిప్రాయము ఏ దేశమున నైనను చేయు మొదటి పొరపాటు ఇదియని మా తలంపు. కాకి వ్రాలినప్పుడే తాటిపండు పడినది గాన కాకియే పడగొట్టెననుట కాకతాళీయమని తర్కము చదివినవారు నవ్వుదురు. ధర పడినప్పుడు రేవులో పరదేశీయుడున్నాడు గాన వాడే ధర పడగొట్టెననుట అట్టిదే.

ఇప్పుడు మనవారి యభిప్రాయమును తూచవలెను. రంగూనును కట్టినది మేమని చెప్పినవారిలో ఇటుక మోసినవారెందరు? వర్తకుల హక్కులకు భంగము వచ్చినప్పుడు సభలలో కూలివాని పేరు చెప్పబడెను. కూలివాడు పండుకొను గదిని గూర్చి అంత గట్టిగా పలికినవారు కొలదిమంది. ఒక్క గదిలో గుంపులుగా నుండి, వంతులవారిగా నిద్రించిన ఆ బ్రతుకును 1931లో నివేదిక యిచ్చిన కార్మిక రాయల్ సంఘమువారు వర్ణించిరి. ఓడ గుత్తదారు ఇచ్చిన సొమ్ము మేస్త్రీలనుండి మేస్త్రీలకు దిగి, ఒక్కొక్క చేతిలో కొంత తరిగి కూలివాని కందుచుండెను. ఆ మేస్త్రీ బర్మీయుడు కాడు, ఆంగ్లేయుడు కాడు. చాలతావుల మన తెలుగువాడే, తరచుగా కూలివాని యూరివాడే. పరదేశమున దోచుకొనబడుటకు పరదేశీయుడే కావలెనని నియమము లేదు.

ఇంటివద్ద సంగతియు తలపవలెను. పోయినవారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. రంగము సొమ్ముతో అప్పు తీరిన యిండ్లు కలవు. పెంకుటిల్లు లేచిన యూళ్లు కలవు. కాని ఆ సొమ్ము వచ్చువరకు పిల్లలను, ముసలివారిని, షావుకారు గద్దింపును మోసినది వెనుక మిగిలిన ఇల్లాలు. వలసవలన దేశమునకు లాభమా నష్టమా యని లెక్క వేయువారు ఓడ దిగినవాని కూలిని లెక్కింతురు. ఓడ యెక్కనిదాని పనిని లెక్కింపరు. ఇది లెక్కలో లోపమని మన గృహిణులకు వేరుగ చెప్ప నక్కరలేదు.

నివేదిక వెలువడిన 1941లోనే ఇరుదేశముల ప్రభుత్వములకు వలసను గూర్చి ఒప్పందము కుదిరెను. స్థిరముగా నున్నవారికిని వచ్చిపోవువారికిని భేదము చూపి, రాకను అనుమతిపత్రములచే కట్టడిచేయుట దాని సారము. భారతదేశమున అది తీవ్రముగా విమర్శింపబడెను. కాని అది అమలునకు రాకమున్నే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. రేవు కూలీలు, పాకీవారు, మరల పనివారు వేలకొలది పట్టణము విడిచి పారిపోయిరి. అంతట ఓడలు దిగుమతిలేక నిలిచెను. వీథులలో చెత్త పేరుకొనెను. ప్రభుత్వము మనుష్యులను పంపి ఆ కూలీలను బ్రతిమాలి కొందరిని వెనుకకు రప్పింపవలసివచ్చెను. వీరు ఒకరి చోటు ఆక్రమించినవారా, ఒక ఖాళీని నింపినవారా యను ప్రశ్నకు పట్టికలకంటె స్పష్టమైన యుత్తరము ఆ వారములలో దొరకినది.

1942 మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఆరకాను కనుమలమీదుగను, మణిపురము కొండలమీదుగను కాలినడకను స్వదేశము చేరిరి. త్రోవలో విషూచి, చలిజ్వరము, ఆకలి. చనిపోయినవారు వేలకొలది, సరిగా లెక్కించినవారు లేరు. కూలికి పోయినప్పుడు తలలు లెక్కించి ఓడ యెక్కించుకొన్న లోకము, చచ్చునప్పుడు లెక్కింపలేదు. పిమ్మట 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వ మేర్పడి, 1964లో అంగళ్లను జాతీయము చేయగా, మిగిలినవారిలో లక్షలమంది మరల వెడలవలసివచ్చెను. అట్లు వచ్చినవారి జ్ఞాపకముగా విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేటికిని కలదు. వారిని పంపివేసినందున బర్మీయ కూలివాడు ధనవంతుడు కాలేదు. 1987లో ఐక్యరాజ్యసమితి ఆ దేశమును మిక్కిలి వెనుకబడిన దేశముల పట్టికలో చేర్చెను. ఇందుకు కారణములు పెక్కు. వలసవారిని వెడలగొట్టుట యొక్కటియే కారణమనుట మరల కాకతాళీయమే యగును. కాని వారు పోయినచో మనకు మేలు కలుగునన్న వాగ్దానము నెరవేరలేదనుటకు మాత్రము సందేహము లేదు.

ఈ కాలపు పండితులు ఇదే ప్రశ్నను మరింత సూక్ష్మముగా పరీక్షించిరి. 1980లో కొలది నెలలలో సుమారు లక్ష 25 వేలమంది క్యూబానుండి అమెరికాలోని మయామీ ప్రాంతమునకు వచ్చిరి. పట్టణపు పనివారి సంఖ్య నూటికి ఏడువంతులు ఒక్కసారిగా పెరిగెను. డేవిడ్ కార్డు అను నర్థశాస్త్రజ్ఞుడు 1990లో ఆ పట్టణపు కూలిలెక్కలు పరిశీలించి, స్థానికుల కూలి చెప్పదగినంత తగ్గలేదని తేల్చెను. ఆయనకు 2021లో నోబెలు బహుమాన మీయబడెను. జార్జి బోర్హాసు అను మరియొక పండితుడు, చదువు మిక్కిలి తక్కువగాగల స్థానికులను మాత్రము వేరుచేసి చూచినచో కూలి బాగుగా పడిపోయెనని వాదించెను. ఆయన చూచిన మనుష్యుల సంఖ్య మరీ స్వల్పమని వేరొకరు ఆక్షేపించిరి. వివాదము తీరలేదు. అయినను ఇందుండి ఒక పాఠము గ్రహింపవచ్చును: మొత్తముమీద మేలైనను, ఆ మేలు అందరికిని సమముగా పంచబడదు. నష్టమే కలిగినచో అది సామాన్యముగా కడపటి మెట్టుమీద నిలిచినవానికి కలుగును. వానిని చూడక లాభము పాడుట అహంకారము. వాని పేర పరదేశీయుని కొట్టుట మోసము.

చదువరులు ఇది గతించిన కథయని పుస్తకము మూయరాదు. రంగూను మరలలో మన తెలుగువాడు నిలిచినచోట, నేడు తెలంగాణములోని బియ్యపు మరలలో బీహారువాడు నిలిచియున్నాడు. 2020లో అంటువ్యాధివలన దేశమంతయు మూతబడినప్పుడు, పండిన ధాన్యమును దించుటకు హమాలీలు చాలక, మే నెలలో రెండువందలకు పైగా బీహారు కూలీలను ప్రత్యేక రైలులో లింగంపల్లికి రప్పింపవలసివచ్చెను. తక్కిన రైళ్లన్నియు కూలీలను ఇండ్లకు చేర్చుచుండ ఆ రైలు ఎదురుగా వచ్చినది. మన ఇటుక బట్టీలలో ఒడిస్సా కుటుంబములు బయానా తీసికొని వచ్చి, పిల్లలతోగూడ మట్టి తొక్కుచున్నవి. సర్దారు, బయానా, కోత: పేర్లు మారినవి గాని రంగము మేస్త్రీ చావలేదు. ఇట్టివారి రక్షణకు 1979లోనే మన పార్లమెంటు చట్టము చేసెను. బట్టీ గట్టున దానిని చదివి వినిపించినవారెందరో విచారింపవలెను.

మరియొక ప్రక్క, 2019లో ఆంధ్రప్రదేశ శాసనసభ పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే యీయవలెనని చట్టము చేసెను. మనలో పెక్కురు సంతోషించిరి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము, మన పిల్లలు ఆశించు ఉద్యోగపు అనుమతులకై యజమానులు క్రొత్తగా పెట్టుకొను దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు ఆ పెక్కురే అన్యాయమని యాక్రోశించిరి. రెంటిలో ఏది యుక్తమో, ఏది కాదో వాదింపవచ్చును. కాని రెంటికిని ఒకే తూనికరాయి యుండవలెను. మన పిల్లవాడు పోయిన నది ప్రతిభ. పరుని పిల్లవాడు వచ్చిన నది బరువు: ఇట్టి తూకము అంగడిలో పట్టుబడినచో శిక్ష గలదు. మాటలలో శిక్ష లేదు గనుక సాగుచున్నది.

కావున బాక్స్టరు నివేదికను గూర్చి మా తీర్పు ఇది. వలస కూలి స్థానికుని శత్రువు కాడని లెక్కలతో చూపినందుకు అది గౌరవింపదగినది. కాని ఎందరు రావలెనను ప్రశ్నతో ఆగి, వచ్చినవానికిని ఉన్నవానికిని కూలి యెట్లు నిర్ణయింపబడుచున్నదను ప్రశ్నను అడుగున నుంచినందున అది సగము గ్రంథము. ద్వారమున కావలి పెట్టుట సులభము. రేవులోపల న్యాయము పెట్టుట కష్టము. 1930లో తెలుగువానికిని బర్మీయునికిని ఒకే కూలి, ఒకే పట్టీ, తొలగింపునకు ముందు మాట చెప్పు నొక నియమము ఉండినచో, మే 26వ తేదీ సాధారణమైన సోమవారమై యుండెడిది.

ఈ పని ప్రభుత్వములదే కాదు. ఇల్లు కట్టించుకొనునప్పుడు దూరదేశపు కూలి చవుకగా వచ్చునని గుత్తదారు చెప్పినచో, చవుక యెందుచేత నైనదో అడుగుడు. మన యూరి కూలికి ఇచ్చునది వానికిని ఇప్పింపుడు. అప్పుడు మన యూరివాని పనియు పోదు, వచ్చినవాని కష్టమును పోదు. ఆ సొమ్ము సర్దారు చేతిలో గాక వాని చేతిలోనే పడినదో లేదో చూడుడు. వాని పిల్ల ఇటుకల నడుమ ఆడుచుండినచో దగ్గరి బడి పేరు చెప్పుడు. వానిని 'బీహారీ', 'ఒరియా' యని గాక పేరుపెట్టి పిలువుడు. మన తాతలను రేవు పేరుతో పిలిచిన పట్టణ మొకటి యుండెను.